కవర్ మీద ఒకరు, పాటలో ఇంకొకరు: బ్లాక్ సబ్బాత్ 'ది ఎటర్నల్ ఐడల్' చిక్కుముడి

1987 చివర్లో బ్రిటన్ హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ నుంచి 'ది ఎటర్నల్ ఐడల్' అనే ఆల్బమ్ వచ్చింది. కవర్ మీద పేర్లు చదివితే బేస్ గిటార్ దగ్గర ఇద్దరు కనిపిస్తారు. వాళ్లలో మనకు వినిపించేది ఒక్కరే. డ్రమ్స్ వాయించినాయన ఆల్బమ్ షాపుల్లోకి వచ్చేసరికి బ్యాండ్‌లో లేడు. పాటలన్నీ మొదట ఒకరు పాడారు, ఆల్బమ్‌లో ఉన్నది మరొకరి గొంతు. వీడియోలో డ్రమ్స్ ముందు కూర్చున్నది ఆల్బమ్‌లో ఒక్క దెబ్బ కూడా వాయించని మనిషి. పక్కన బేస్ పట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ని షూటింగ్ కోసం అప్పటికప్పుడు పట్టుకొచ్చారు. ప్రొడ్యూసర్లయితే ఏకంగా ముగ్గురు.

ఇలా తయారైనది వినడానికి అతుకుల బొంతలా ఉండాలి కదా? అలా లేదు. 1980ల రెండో సగంలో సబ్బాత్ చేసిన వాటిలో మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి ఆలోచనలా సాగే ఆల్బమ్ ఇదే అని నేనంటాను. లైనప్ మారిపోవడం వల్ల ఈ ఆల్బమ్ చెడిపోయిందని చాలామంది చెబుతారు. నాకు కనబడే లెక్క వేరు. మనుషులు మారడం సంగీతాన్ని పెద్దగా దెబ్బతీయలేదు, దాన్ని అమ్మడాన్ని దెబ్బతీసింది. ఆ రెంటినీ విడదీసి చూడాలంటే ముందు ఎవరెప్పుడొచ్చారో, ఎవరెప్పుడు పోయారో తేల్చుకోవాలి.

పేర్ల గొడవ

కొత్తవాళ్లు తప్పకుండా తికమకపడే చోట్లు రెండున్నాయి. ఈ కథలో టోనీలు ఇద్దరు: గిటారిస్ట్ టోనీ అయోమీ, గాయకుడు టోనీ మార్టిన్. అలాగే ఇయాన్ గిలన్ వేరు, రే గిలెన్ వేరు. మొదటాయన డీప్ పర్పుల్ అనే బ్రిటన్ రాక్ బ్యాండ్ గాయకుడు, 1983లో ఒక ఆల్బమ్ సబ్బాత్‌తో చేసి వెళ్లిపోయాడు. రెండో ఆయన అమెరికన్. ఇక్కడ మనకు కావలసింది ఆయనే.

బర్మింగ్‌హామ్‌లో 1968లో మొదలైన అసలు బ్యాండ్ నలుగురిది: ఓజీ ఆస్బోర్న్ (గొంతు), టోనీ అయోమీ (గిటార్), గీజర్ బట్లర్ (బేస్), బిల్ వార్డ్ (డ్రమ్స్). 1979లో ఓజీని పంపేశారు. రానీ జేమ్స్ డియో వచ్చి రెండు గట్టి ఆల్బమ్‌లు ఇచ్చి 1982లో వెళ్లిపోయాడు. ఇయాన్ గిలన్ 1984లో తిరిగి డీప్ పర్పుల్‌కి పోయాడు. గీజర్ బట్లర్ కూడా తప్పుకున్నాడు. 1985 జూలైలో ఫిలడెల్ఫియాలో లైవ్ ఎయిడ్ విరాళాల కచేరీకి పాత నలుగురూ కలిశారు గానీ అది ఆ ఒక్కరోజు ముచ్చటే. ఆ తర్వాత మిగిలింది అయోమీ. ఆయనతో పాటు 1979 నుంచి కీబోర్డ్స్ వాయిస్తున్న జెఫ్ నికల్స్. నికల్స్‌ను చాలా కచేరీల్లో స్టేజీ మీద కనబడకుండా పక్కన కూర్చోబెట్టేవాళ్లు. ఇన్నేళ్లు అంటిపెట్టుకుని ఉన్న మనిషికి అది అన్యాయమే, కానీ సబ్బాత్ చరిత్రలో అన్యాయాల జాబితా తీస్తే ఇది ఏ మూలకో పోతుంది.

ఈ పరిస్థితిలో అయోమీ తన సొంత పేరుతో ఒక సోలో ఆల్బమ్ చేశాడు. గాయకుడు గ్లెన్ హ్యూస్, ఆయనా ఒకప్పటి డీప్ పర్పుల్ మనిషే. ఆల్బమ్ తయారయ్యాక రికార్డ్ కంపెనీ, మేనేజర్ డాన్ ఆర్డెన్ కలిసి దానికి సబ్బాత్ పేరు ఉండాల్సిందేనన్నారు. చివరికి 1986లో 'సెవెన్త్ స్టార్' కవర్ మీద 'బ్లాక్ సబ్బాత్ ఫీచరింగ్ టోనీ అయోమీ' అని అచ్చయింది. ఈ వింత పేరులోనే అసలు కిటుకు ఉంది. అప్పటికి 'బ్లాక్ సబ్బాత్' అంటే నలుగురు మనుషులు కాదు, షాపులో అమ్ముడుపోయే పేరు. ఆ పేరు పెట్టాక బ్యాండ్ ఉండాలి, టూర్ చేయాలి. హ్యూస్‌కు టూర్ మొదలయ్యే ముందే ఒక గొడవలో ముఖం మీద దెబ్బ తగిలింది, గొంతు పోయింది. కొద్ది షోలకే ఆయన స్థానంలో రే గిలెన్ వచ్చాడు.

గిలెన్ అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియదు. కానీ మిగతా టూర్‌ని నెట్టుకొచ్చేశాడు. గిటార్ అయోమీ, గొంతు గిలెన్, బేస్ డేవ్ స్పిట్జ్, డ్రమ్స్ ఎరిక్ సింగర్, కీబోర్డ్స్ నికల్స్. చాలా కాలానికి సబ్బాత్‌కు కలిసి టూర్ చేసి, కలిసి స్టూడియోకు వెళ్లగల ఒక జట్టు దొరికింది. 'ది ఎటర్నల్ ఐడల్' ఈ జట్టుతో రావాల్సిన ఆల్బమ్.

మాంట్సెరాట్ నుంచి లండన్ దాకా

రికార్డింగ్ కరీబియన్ దీవి మాంట్సెరాట్‌లోని ఎయిర్ స్టూడియోస్‌లో మొదలైంది. బీటిల్స్ ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ పెట్టిన స్టూడియో అది. 1980లలో పెద్ద పెద్ద బ్యాండ్‌లు సముద్రం చూసుకుంటూ రికార్డ్ చేసుకోవడానికి అక్కడికి పోయేవి. 1989లో హ్యూగో తుపాను దాన్ని పాడుబెట్టింది. 'సెవెన్త్ స్టార్' చేసిన జెఫ్ గ్లిక్స్‌మన్ ఇక్కడా ప్రొడ్యూసర్.

వరస ఇక చకచకా చెప్పుకోవచ్చు. స్పిట్జ్ వ్యక్తిగత కారణాలతో తప్పుకున్నాడు. బాబ్ డైస్లీ వచ్చి బేస్ భాగాలు తాను వాయించాడు, పాటల సాహిత్యంలోనూ చేయి వేశాడు. ఇక్కడో తమాషా: ఓజీ సబ్బాత్ నుంచి బయటికొచ్చి సోలోగా నిలదొక్కుకున్న మొదటి రెండు ఆల్బమ్‌లకు బేస్ వాయించి, పాటలు రాసింది ఈ డైస్లీయే. ఓజీ కోసం రాసిన చేత్తోనే ఓజీ లేని సబ్బాత్‌కూ రాశాడు. డైస్లీ కూడా నిలవలేదు, గిటారిస్ట్ గ్యారీ మూర్ బ్యాండ్‌లోకి వెళ్లాడు. ఎరిక్ సింగర్ కూడా అటే నడిచాడు. (సింగర్ తర్వాత కిస్ బ్యాండ్‌లో చేరి దశాబ్దాల పాటు వాయించాడు. అంటే మనిషిలో నిలకడ లేదని అనడానికి లేదు, ఇక్కడ నిలిచే పరిస్థితి లేదు.) ఆ తర్వాత గిలెన్ కూడా వెళ్లిపోయాడు. వైట్‌స్నేక్ అనే రాక్ బ్యాండ్ నుంచి బయటికొచ్చిన గిటారిస్ట్ జాన్ సైక్స్ బ్లూ మర్డర్ అనే కొత్త బ్యాండ్ పెడుతున్నాడు, గిలెన్ అందులో చేరాడు. అక్కడా కుదరలేదన్నది వేరే కథ. ప్రొడ్యూసర్ కుర్చీలోకి గ్లిక్స్‌మన్ తర్వాత విక్ కాపర్‌స్మిత్-హెవెన్ వచ్చాడు, చివర్లో క్రిస్ సాంగరైడిస్ వచ్చి పూర్తి చేశాడు. పని లండన్‌కు మారింది.

గాయకుడు పోయేసరికి ఆల్బమ్ దాదాపు అయిపోయి ఉంది. అప్పుడు బర్మింగ్‌హామ్ నుంచే టోనీ మార్టిన్‌ని తెచ్చారు. ఆయన చేయాల్సింది ఒక్కటే: ఉన్న పాటలన్నీ మళ్లీ పాడటం.

అదెలా సాధ్యమో చూస్తే ఈ ఆల్బమ్ చిక్కు సగం విడిపోతుంది. స్టూడియో టేపు మీద ఒక్కో వాద్యం ఒక్కో ట్రాక్‌లో విడిగా ఉంటుంది. అన్నిటికీ అడుగున డ్రమ్స్. మిగతా అందరూ డ్రమ్స్ వింటూ వాయిస్తారు కాబట్టి వాటిని తీసేసి కొత్తవి పెట్టడం మహా కష్టం, పైవన్నీ లయ తప్పుతాయి. బేస్‌ని మార్చడం కొంత తేలిక. గొంతు అన్నిటికన్నా పైన ఉండే పొర, దాన్ని తీసేసి ఇంకొకరిది పెట్టినా కింద ఏదీ కదలదు. అందుకే ఎరిక్ సింగర్ వెళ్లిపోయినా ఆయన డ్రమ్స్ అలాగే ఉన్నాయి. స్పిట్జ్ బేస్ పోయి డైస్లీ బేస్ వచ్చింది, కవర్ మీద మాత్రం ఇద్దరి పేర్లూ ఉండిపోయాయి. గిలెన్ గొంతు పూర్తిగా పోయింది. ఈ.ఎల్.ఓ. బ్యాండ్ డ్రమ్మర్ బెవ్ బెవన్ వచ్చినా పైపైన పర్కషన్ (తాళవాద్యాలు) కలపడం వరకే ఆయన పని. ఎవరి పని మిగిలిందో, ఎవరిది తుడిచిపెట్టుకుపోయిందో తేల్చింది స్నేహమో కోపమో కాదు, టేపు మీద వాళ్లున్న పొర.

మన సినిమా పాటల పద్ధతి తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ముందు ట్రాక్ సింగర్ పాడతారు, తర్వాత పేరున్న గాయకుడు వచ్చి అదే వరసలో పాడి వెళ్తారు, ట్రాక్ గొంతు ఎవరికీ తెలియకుండా పోతుంది. అయితే సినిమాలో శ్రుతి పెట్టేది తర్వాత పాడబోయే పెద్ద గాయకుడి గొంతుని బట్టి. ఇక్కడ తలకిందులు. పాటలన్నీ గిలెన్ గొంతుకు కుదిరేలా కట్టారు, గిటార్ అప్పటికే టేపెక్కేసింది, శ్రుతి మార్చే వీలు లేదు. గిలెన్ పాడిన వరసలే చాలా వరకు మార్టిన్ పట్టుకోవాల్సి వచ్చింది. సబ్బాత్ లాంటి బ్యాండ్‌లో మొదటి ఆల్బమ్, ముందున్నవాళ్లు ఓజీ, డియో. పైగా సొంతంగా వరసలు కట్టుకునే స్వేచ్ఛ పెద్దగా లేదు. ఆ టెన్షన్ పాటలో ఎక్కడా తెలియనివ్వకపోవడం మార్టిన్ గొప్పతనం.

గిలెన్ పూర్తిగా మాయమయ్యాడా అంటే, ఒక్కచోట దొరుకుతాడు. 'నైట్‌మేర్' పాటలో ఒక రాక్షస నవ్వు వినబడుతుంది. అది గిలెన్‌ది. గొంతంతా తీసేసి ఆ నవ్వు మాత్రం ఉంచేశారు.

రెండు గొంతులు పక్కపక్కన

గిలెన్ పాడిన టేపులు చాలా ఏళ్లు దొంగ కాపీలుగా అభిమానుల చేతులు మారాయి. 2010లో ఈ ఆల్బమ్ డీలక్స్ ఎడిషన్ వేసినప్పుడు రెండో డిస్క్‌గా అధికారికంగా వచ్చాయి. అవే పాటలు, అవే రిఫ్‌లు (పాటలో పదేపదే తిరిగొచ్చే గిటార్ వరసలు), గాయకుడొక్కడే వేరు. లైనప్ మారితే ఏం మారుతుందని హెవీ మెటల్ అభిమానులు దశాబ్దాలుగా కొట్టుకుంటారు. ఆ తగువుకి ఇంత శుభ్రమైన పరీక్ష ఇంకెక్కడా దొరకదనుకుంటా.

గిలెన్ గొంతులో బ్లూస్ ఉంది, కొంచెం గరగర ఉంది, అమెరికన్ హార్డ్ రాక్ ఒడుపు ఉంది. పదం చివర్లో గొంతుని వంచి వదిలేస్తాడు. 'హార్డ్ లైఫ్ టు లవ్', 'బోర్న్ టు లూజ్' లాంటి కాస్త దూకుడు పాటల్లో ఆయనే మెరుగు, అందులో నాకు అనుమానం లేదు. మార్టిన్ గొంతు నున్నగా, నిటారుగా పైకి లేస్తుంది. డియోతో పోల్చి చాలామంది వంకలు పెట్టారు. పోలిక నిజమే, వంక మాత్రం అన్యాయం. 'ఏన్షెంట్ వారియర్'లో గుడిగంట మోగినట్టు పైస్థాయిలో నిలబడి పాడేది వింటే, ఈ పాటకు గరగర అక్కర్లేదని తెలుస్తుంది.

మొదటి పాట 'ది షైనింగ్' దగ్గర కాసేపు ఆగాలి. మెల్లగా, విడివిడి తీగల మీద గిటార్ మొదలవుతుంది, ఆ వెంటనే బరువైన రిఫ్ మీద పడుతుంది. ఆ రిఫ్ 1987లో పుట్టింది కాదు. 1984లో డేవిడ్ డొనాటో అనే గాయకుణ్ని ప్రయత్నించిన రోజుల్లో 'నో వే అవుట్' పేరుతో దాని డెమో చేశారు. అప్పుడు బేస్ మీద బట్లర్, డ్రమ్స్ మీద వార్డ్. అంటే ఆ రిఫ్ డొనాటోని, గిలెన్‌ని దాటుకుని మార్టిన్ దగ్గరికి చేరింది. అయోమీ కుడిచేతి రెండు వేళ్ల కొసలు పదిహేడేళ్ల వయసులో ఫ్యాక్టరీ మెషీన్‌లో తెగిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం మనిషి, అంటే తీగలు నొక్కేది ఆ చేతితోనే. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకుని, తీగలు వదులు చేసుకుని వాయించడం నేర్చుకున్నాడు. సబ్బాత్ బరువంతా అక్కడి నుంచే వచ్చింది. ఈ ఆల్బమ్‌లో మారనిది అదొక్కటే, అది చాలు.

చివరి పాట, ఆల్బమ్ పేరే దానిది. ఆరున్నర నిమిషాల నింపాదైన నడక. 1970లలో ఈ బ్యాండ్ చేసిన చీకటి పాటలకు సరిజోడు. రెండు డిస్క్‌ల్లోనూ వినండి. గిలెన్ దాన్ని మనిషి బాధలా పాడతాడు. మార్టిన్ శాపంలా పాడతాడు. రెండూ నిలబడ్డాయంటే ఆ పాట ఎముక ఎక్కడుందో తెలుస్తోంది. లోపాలు లేవని కాదు. 'లాస్ట్ ఫరెవర్' లాంటివి వేగంగా వచ్చి ఏ గుర్తూ వదలకుండా పోతాయి. సౌండ్ కూడా అప్పటి ఫ్యాషన్ ప్రకారం డ్రమ్స్‌కి ప్రతిధ్వని ఎక్కువ పట్టించారు, గిటార్ అడుగు కొంచెం పలచబడింది. ముగ్గురు ప్రొడ్యూసర్ల చేతులు మారితే ఆ మాత్రం తప్పదు.

కవర్ సంగతి కూడా ఇక్కడే. ఫ్రెంచ్ శిల్పి రోడిన్ చెక్కిన శిల్పం పేరే ఆల్బమ్‌కు పెట్టారు: స్త్రీ ముందు పురుషుడు మోకరిల్లి తలవాల్చిన శిల్పం. ఆ శిల్పం ఫొటో వాడుకోవడం కుదరలేదు. దాంతో ఇద్దరు మోడళ్లకు ఒళ్లంతా రంగు పూసి, అదే భంగిమలో నిలబెట్టి ఫొటో తీశారు. అసలు వాళ్ల బదులు ఇంకొకరు అన్న పద్ధతి కవర్ దాకా పాకింది.

దెబ్బ ఎక్కడ తగిలింది

ఆల్బమ్ షాపుల్లోకి రాకముందే బ్యాండ్ దక్షిణాఫ్రికాలోని సన్ సిటీ రిసార్ట్‌లో కచేరీలకు ఒప్పుకుంది. 1987 జూలై చివర, ఆగస్టు మొదట్లో. వర్ణవివక్ష ప్రభుత్వం మీద ఐక్యరాజ్యసమితి పిలుపుతో కళాకారుల బహిష్కరణ నడుస్తున్న కాలం అది. 1985లోనే పాశ్చాత్య కళాకారులు చాలామంది కలిసి సన్ సిటీలో వాయించబోమని పాట రూపంలో ప్రతిజ్ఞ చేశారు. మనవాళ్లకు దీని బరువు తెలియంది కాదు. 1974లో డేవిస్ కప్ ఫైనల్లో దక్షిణాఫ్రికాతో ఆడాల్సి వస్తే భారత్ టెన్నిస్ జట్టు కప్పునే వదులుకుంది. అలాంటి చోటికి డబ్బు ఇబ్బందుల్లో ఉన్న సబ్బాత్ పోయింది. బెవ్ బెవన్ రానన్నాడు, బ్యాండ్ వదిలేశాడు. ఆయన బదులు క్లాష్ బ్యాండ్ మాజీ డ్రమ్మర్ టెర్రీ చైమ్స్ వచ్చాడు. వీడియోలో కనిపించేది ఈ చైమ్సే. ఆ తర్వాతి యూరప్ టూర్‌లో బేస్ జో బర్ట్. అంటే ఆ ఏడాది చివర ఈ పాటల్ని స్టేజీ మీద వాయించిన వాళ్లలో ఆల్బమ్ మీద కూడా ఉన్నది అయోమీ, మార్టిన్, నికల్స్ మాత్రమే. సన్ సిటీ విషయంలో లైనప్ మీద తోసేయడానికి ఏమీ లేదు, అది తెలిసి చేసిన తప్పు.

ఆల్బమ్ బ్రిటన్ చార్ట్‌లో 66 దగ్గర, అమెరికాలో 168 దగ్గర ఆగిపోయింది. అంతకుముందు ఏడాది 'సెవెన్త్ స్టార్' బ్రిటన్‌లో 27 దాకా వచ్చింది. ఇంత పడిపోయిందంటే జనం లైనప్ చూసి విసిగిపోయారని సులువుగా చెప్పేయొచ్చు. కానీ అదే 1987లో వైట్‌స్నేక్ కథ చూడండి. వాళ్ల ఆల్బమ్ కోసం వాయించి, పాటలు రాసిన జాన్ సైక్స్‌తో పాటు జట్టునంతా ఆల్బమ్ రాకముందే మార్చేశారు. టీవీలో రోజూ తిరిగిన వీడియోల్లో గిటార్లు ఊపుతూ కనిపించినవాళ్లు ఆ రికార్డు మీద దాదాపు ఏమీ వాయించనివాళ్లే. అది అమెరికాలో రెండో స్థానం దాకా ఎక్కి లక్షల్లో అమ్ముడుపోయింది. గిలెన్‌ని సబ్బాత్ నుంచి లాక్కెళ్లింది ఈ సైక్సే అన్నది గుర్తుంచుకుంటే, ఒకే గందరగోళానికి రెండు ఫలితాలు ఎలా వచ్చాయో కనబడుతుంది. వైట్‌స్నేక్‌కి రేడియోకి సరిపడే పాటలున్నాయి, కంపెనీ డబ్బు గుమ్మరించింది, ముందు నిలబడ్డ గాయకుడు డేవిడ్ కవర్‌డేల్ ముఖం జనానికి తెలుసు. జనం గాయకుణ్ని చూసి బ్యాండ్‌ని గుర్తుపడతారు. సబ్బాత్‌లో మారకుండా ఉన్నది గిటారిస్ట్, ముఖం మాత్రం ఏటా మారింది. 1983 నుంచి లెక్కేస్తే ఇయాన్ గిలన్, హ్యూస్, రే గిలెన్, మార్టిన్. పోస్టర్ మీద ఎవరి బొమ్మ వేయాలో రికార్డ్ కంపెనీలకు అర్థమై ఉండదు. తర్వాత బ్రిటన్‌లో వెర్టిగో, అమెరికాలో వార్నర్ రెండూ బ్యాండ్‌ని వదిలేశాయి.

అన్నిటికంటే నవ్వొచ్చే విషయం, తాత్కాలికంగా గొంతు అరువిచ్చినట్టు వచ్చిన మార్టిన్ అక్కడే స్థిరపడ్డాడు. 1989లో కోజీ పవెల్ డ్రమ్స్‌తో 'హెడ్‌లెస్ క్రాస్', 1990లో 'టైర్'. మధ్యలో డియో తిరిగొస్తే పక్కకు తప్పుకుని, మళ్లీ వచ్చి 1994లో, 1995లో ఇంకో రెండు. మొత్తం ఐదు స్టూడియో ఆల్బమ్‌లు. సబ్బాత్‌లో ఓజీ తర్వాత అంత ఎక్కువ పాడింది ఆయనే. గిలెన్ బ్యాడ్‌ల్యాండ్స్ అనే మంచి బ్యాండ్‌లో పాడి పేరు తెచ్చుకున్నాడు, 1993 డిసెంబర్‌లో ఎయిడ్స్ సంబంధిత అనారోగ్యంతో 34 ఏళ్లకే చనిపోయాడు.

మార్టిన్ కాలపు ఆల్బమ్‌లు చాలా ఏళ్లు మార్కెట్లో దొరకలేదు. చివరికి 2024లో 'అన్నో డొమిని 1989–1995' అనే బాక్స్ సెట్‌గా వేశారు. అందులో ఆయన ఐదు ఆల్బమ్‌లలో నాలుగే ఉన్నాయి. ఐఆర్‌ఎస్ కంపెనీ కోసం చేసిన ఆ నాలుగూ ఒక గూటివి, 'ది ఎటర్నల్ ఐడల్' పాత కంపెనీల కాలపుది, అందుకే అందులో లేదు. దీన్ని వినాలంటే ఇప్పటికీ విడిగా వెతుక్కోవాల్సిందే. వెతికితే రెండు డిస్క్‌ల 2010 ఎడిషనే వెతకండి. ముందు మార్టిన్‌ది మొత్తం వినండి, తర్వాత గిలెన్‌ది పెట్టండి. వరస తప్పి గిలెన్‌తో మొదలుపెడితే మార్టిన్‌కు న్యాయం జరగదు.